గాలం రీల్ కోసం రెండు అప్పులా? ముందు ఒక నెల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది అమలాపురం. వయసు 31. రొయ్యల మేత డీలరు దగ్గర ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. జీతం 26,000, సీజన్లో కమీషన్ మరో 8,000 వస్తుంది. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. అమ్మానాన్నలు లంకలో కొబ్బరి, కూరగాయలు చూసుకుంటారు. నిరుడు హిమాచల్‌లో తీర్థన్ నది ఒడ్డున ట్రౌట్ చేపలకు ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన తేలికపాటి ఎరతో గాలం వేయడం) చేస్తుంటే చూశాను. అప్పట్నుంచీ నేర్చుకోవాలని ఉంది. మా కాలువల్లో, చెరువుల్లో మొదలుపెడతాను. నాకు నచ్చిన రీల్ ధర 16,500. దానికి 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. రాడ్, లైన్ వగైరాలకు ఒక యాప్ 20,000 అప్పు ఇస్తానంటోంది. ఫీజు పోను 17,600 చేతికొస్తాయి, 90 రోజులకు 21,900 కట్టాలి. చీటీ పాడి తీర్చేస్తాను. నెల ఖర్చులు: అద్దె 6,500, ఇల్లు 12,500, బండి ఈఎంఐ 3,700, ఫోన్ ఈఎంఐ 1,900 (ఇంకో రెండు నెలలే), చీటీ 4,000, అమ్మానాన్నలకు 2,500. బ్యాంకులో 11,000 ఉన్నాయి. కొత్తవాళ్లకు ఏ రీల్ మంచిది? ఈఎంఐ మేలా, యాప్ మేలా?

జవాబు: ఈఎంఐ వద్దు, యాప్ అసలే వద్దు, 16,500 రీల్ కూడా వద్దు. సరదా మాత్రం మానుకోవద్దు. నెలంతా చెరువు గట్ల మీద తిరిగేవాళ్లకు ఆదివారం పూట ఒక వ్యాపకం ఉండడం మంచిదే.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కెమెరా కోసమో, బైక్ కోసమో, ఇలాంటి లెక్కతోనే చాలామంది రాస్తున్నారు. ఖర్చులన్నీ పోను నెలకు ఇంత మిగులుతోంది, అందులో ఈఎంఐ ఇమిడిపోతుంది కాబట్టి కొనొచ్చు అని. మీ లెక్కా అదే. ఖర్చులు కూడితే 31,100. వచ్చేది 34,000. మిగులు 2,900, రీల్ కిస్తు 1,375. కాగితం మీద సరిపోయింది.

కానీ ఆ 34,000లో 8,000 కమీషన్. చెరువుల్లో రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు తగిలి రైతు నెల తిరక్కుండానే పట్టుబడి చేసేస్తే మేత ఎవరు కొంటారు? 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక రొయ్య ధర ఏమైందో, ఎంతమంది రైతులు పిల్ల వేయడానికి వెనకాడారో మీరు నాకంటే దగ్గర్నుంచి చూసి ఉంటారు. కమీషన్ ఆగిన నెల మీకు వచ్చేది 26,000, పోయేది 31,100. నెలకు 5,100 లోటు. బ్యాంకులోని 11,000 రెండు నెలలకు సరిపోతాయి, అంతే. రీల్ కిస్తు కూడా తోడైతే ఆ రెండో నెల పూర్తిగా గడవదు. ఇందులో పాపకు జ్వరం రాలేదు, బండి రిపేరుకు రాలేదు, అమ్మానాన్నలకు ఏమీ కాలేదు.

వాళ్లు లంకలో ఉంటారన్న సంగతి మీ లెక్కలో ఎక్కడా లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో జనం పడ్డ పాట్లు కోనసీమవాళ్లకు చెప్పక్కర్లేదు. తోట మునిగిన ఏడాది అమ్మానాన్నలకు మీరిచ్చే 2,500 సరిపోతాయా? మామూలు ఉద్యోగికి మూడు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటాను. మీకు ఆరు నెలలది ఉండాలి. మీ ఆదాయం రొయ్య మీద, వాళ్ల ఆదాయం గోదావరి మీద ఆధారపడి ఉన్నాయి. రెండూ ఒకే ఏడాది దెబ్బతినొచ్చు.

ఇక యాప్ సంగతి. చేతికి వచ్చేది 17,600, మూడు నెలలకు కట్టేది 21,900. అంటే 4,300 వడ్డీ. నూటికి నెలకు 8 రూపాయల పైమాటే. మీ ఊళ్లో ఎవరైనా నూటికి మూడు అడిగితే గుమ్మం కూడా తొక్కరు కదా! దీనికి మాత్రం ఫోన్లో ఒక్క నొక్కుతో సరే అనబోతున్నారు. అప్పు ఇచ్చే ముందు మొత్తం ఖర్చును వార్షిక శాతంగా చూపాలని, ఫోన్లోని కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. మీ యాప్ ఆ శాతం చూపిందా? కాంటాక్టులు అడిగితే వెంటనే తీసిపారేయండి. కిస్తు ఒక్కరోజు ఆలస్యమైతే మీ డీలరుకూ, బావమరిదికీ ఫోన్లు వెళ్లే పరిస్థితి తెచ్చుకోకండి. చీటీ పాడి తీరుస్తానన్నారు. ఇంత ముందుగా పాడితే పాటలో ఎంత కోత పడుతుందో అడిగారా? ఆ తర్వాత కూడా నెలనెలా కడుతూనే ఉండాలి. చేప పట్టే సరదా కోసం వచ్చే ఏడాది పొదుపును ఇప్పుడే తెగనమ్ముకోవడం ఇది.

నో కాస్ట్ ఈఎంఐలోనూ ప్రాసెసింగ్ ఫీజు, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ నెత్తినే పడొచ్చు.

రీల్ విషయంలో మీకు నిజంగా మంచి కబురుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఈకంత తేలిక. విసిరేటప్పుడు ముందుకు వెళ్లేది లైన్ బరువే. కాబట్టి స్పిన్నింగ్ రీల్‌కు ఉన్నట్టు విసరడంలో ఫ్లై రీల్‌కు పనిలేదు. లైన్‌ను ఎడంచేత్తో రీల్ నుంచి గుంజి వదులుతారు. చిన్న చేప పడితే చేత్తోనే లాగేస్తారు. మిగతా సమయమంతా రీల్ చేసే పని లైన్‌ను చుట్టి పెట్టుకోవడమే. చేప పెద్దదై పరుగు తీసినప్పుడే డ్రాగ్, అంటే లైన్‌ను పట్టి ఆపే బ్రేకు, అవసరం. మీ కాలువల్లో నేర్చుకునే రోజుల్లో అది అరుదు. మూడు నాలుగు వేలకు మించి రీల్ మీద పెట్టకండి. 5/6 సైజు తీసుకోండి, రాడ్, లైన్ కూడా దానికి సరిపోయేవే ఉండాలి. కొర్రమీను కోసం నాచులో వేయాలంటే 7/8 కావాలి, అది తర్వాతి మాట.

కొనేటప్పుడు స్పూల్‌ను, అంటే లైన్ చుట్టుకునే చక్రాన్ని, వేలితో అటూ ఇటూ కదిపి చూడండి, వదులుగా ఊగకూడదు. స్పూల్‌కూ ఫ్రేముకూ మధ్య సందుంటే లైన్ అందులో దూరి ఇరుక్కుంటుంది. లైన్ లాగినప్పుడు మొదట పట్టేసి ఆ తర్వాత ఒక్కసారిగా జారే డ్రాగ్ ఉన్నది వద్దు. పోత అల్యూమినియం రీల్ మీకు చాలు, కాకపోతే రేవు మెట్ల మీద పడితే చిట్లుతుంది, జాగ్రత్త. అంతర్వేది, యానాం వైపు ఉప్పు తగిలే నీళ్లలో వాడితే ఇంటికొచ్చి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. విదేశీ సైట్ల ధర చూసి మోసపోకండి, కస్టమ్స్ సుంకం కలిశాక అది వేరే ధర.

డబ్బు పెట్టాల్సింది లైన్ మీద. చన్నీళ్ల ట్రౌట్ కోసం చేసిన లైన్ మన ఎండకు మెత్తబడి జిగురుజిగురుగా రాడ్ రింగులకు అంటుకుంటుంది. వేడి ప్రాంతాలకు చేసింది, తేలేది, వెయిట్ ఫార్వర్డ్ (బరువు ముందు భాగంలో ఉండే) రకం అడిగి కొనండి.

తొందర కూడా లేదు. వరదల నెలల్లో ఎర్రనీరు ఉంటుంది, ఆ బురదలో చేపకు ఎర కనపడదు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. మీకు కలిసొచ్చేది కార్తీకం నుంచి మాఘం దాకా. అప్పటికి లెక్క ఇలా నడిపించండి. జులై, ఆగస్టు మిగులు 2,900 చొప్పున 5,800. ఫోన్ ఈఎంఐ తీరాక సెప్టెంబరు, అక్టోబరు 4,800 చొప్పున 9,600. ఉన్న 11,000తో కలిపి 26,400. చీటీ, ఫోన్ తీసేస్తే మీ ఇంటికి తప్పనిసరి నెల ఖర్చు 25,200. అంటే నవంబరు మొదటికి ఒక నెల ఖర్చు చేతిలో ఉన్నట్టు. నవంబరు, డిసెంబరు మిగులు 9,600 మీ సరదాకు తీసుకోండి. రాడ్, రీల్, లైన్ కలిపి ఆ లోపే ముగించండి. మధ్యలో కమీషన్ ఆగిందా, కొనడం కూడా ఆగాలి. జనవరి నుంచి మిగులు మళ్లీ అత్యవసర నిధికే. చీటీ చివరిదాకా పాడకుండా ఉంచి, ఆ మొత్తాన్నీ అందులోనే వేయండి. చీటీ రిజిస్టరైనదో కాదో ఈ వారమే కనుక్కోండి.

ఈ నిధి జీతం పడే ఖాతాలో ఉంచొద్దు. యూపీఐ తగిలించని వేరే ఖాతా తెరవండి.

బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ పరిధిలో లేరు. కుటుంబానికి ఆరోగ్య పాలసీ చూడండి, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ లేదు. ప్రీమియం కోసం అవసరమైతే రీల్‌ను ఇంకో రెండు నెలలు వెనక్కి నెట్టండి. మీ దంపతులిద్దరూ బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాద బీమా) తీసుకోండి. జీవన్ జ్యోతిలో 50 ఏళ్లు దాటినవాళ్లను చేర్చుకోరు. సురక్ష బీమా 70 ఏళ్ల వరకు ఉంటుంది కాబట్టి ఈసారి లంకకు వెళ్లినప్పుడు అమ్మానాన్నలిద్దరి చేతా దాని ఫారం మీద సంతకం పెట్టించండి.