తూటాలు ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. టెక్సాస్‌లో ఉంటున్నాం, గ్రీన్‌కార్డు ఉంది. నిరుడు .357 మ్యాగ్నం తూటా పట్టే మార్లిన్ 1894 లివర్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. నెలకు 120 తూటాలు కాలుస్తాను. 50 తూటాల పెట్టె 45 డాలర్లు పడుతోంది. 50 గజాల దూరంలో ఒక కంపెనీవి నాలుగంగుళాల మేర చెదిరిపోతున్నాయి, ఇంకో కంపెనీవి రెండంగుళాల్లో పడుతున్నాయి. నా రైఫిల్‌కు సరిపడే తూటా నేనే తయారు చేసుకుంటే గురీ కుదురుతుంది, డబ్బూ మిగులుతుంది కదా? సామానుకు 1,100 డాలర్లు అవుతుంది. ట్యాక్స్ రిఫండ్ 2,800 వచ్చింది. క్రెడిట్ కార్డు మీద 3,200 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం, నెలకు 150 కడుతున్నాను. కొన్ని తూటాలు స్నేహితులకు అమ్మితే పెట్టుబడి తిరిగొస్తుందా? మా ఆవిడ మాత్రం ఇది ఆదా కాదు, సరదా అంటోంది.

జవాబు: మీ ఆవిడ చెప్పిందే నిజం. నేనూ ఎనిమిదేళ్లుగా ఇదే క్యాలిబర్‌కు గ్యారేజీలో తూటాలు చేసుకుంటున్నాను కాబట్టి కాస్త సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. అలాగని మానేయమని చెప్పను. ఏది ముందు, ఏది వెనక అన్నదే చూద్దాం.

కొన్న తూటా మీకు 90 సెంట్లు పడుతోంది. ఇంట్లో చేస్తే ఎంత? దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్లు వెయ్యి 90 డాలర్లనుకుంటే ఒక్కోటి 9 సెంట్లు. తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క, అంటే బుల్లెట్లు, 500కు 100 డాలర్లనుకుంటే ఒక్కోటి 20. పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తాం, పౌనుకు 7,000 గ్రెయిన్లు. తూటాకు సుమారు 15 పడుతుందనుకుంటే పౌను డబ్బా 460 తూటాలకు పైగా వస్తుంది. డబ్బా 45 డాలర్లయితే తూటాకు 10 సెంట్లు. అంతా కలిపి 39, పన్నులతో 40 అనుకోండి. ఇత్తడి గొట్టం, అంటే బ్రాస్, మళ్లీ మళ్లీ వాడేదే కనుక దాన్ని లెక్కలో వేయలేదు. ప్రైమర్లు, పౌడర్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు కింద విడిగా రుసుము వేస్తారు. కొద్దికొద్దిగా తెప్పించుకుంటే ఆ రుసుమే లెక్క తప్పిస్తుంది.

అంటే తూటాకు 50 సెంట్లు, నెలకు 60 డాలర్లు ఆదా. ఇప్పుడు మీ కార్డు చూడండి. 3,200 మీద 24 శాతమంటే ఏడాదికి 768, నెలకు 64 డాలర్ల వడ్డీ. గ్యారేజీలో కూర్చుని చెమటోడ్చి మీరు మిగిల్చే 60ని బ్యాంకు వాడు తీసుకుని, పైన ఇంకో నాలుగు అడుగుతాడు. కాబట్టి రిఫండ్ మొత్తం కార్డుకే కట్టేయండి. 400 మిగులుతుంది. రెండు నెలలు 120 బదులు 60 తూటాలతో సరిపెట్టుకుంటే నెలకు 54 చేతిలో ఉంటాయి. ఎలాగూ కడుతున్న 150కి అవి కలిపితే రెండో నెలాఖరుకు బాకీ దాదాపు సున్నా.

ఇక అసలు ఖర్చు సంగతి. ఇది దుకాణం బిల్లులో కనపడదు. రైఫిల్‌కు నచ్చే తూటా వెతకడంలోనే డబ్బంతా పోతుంది. మూడు రకాల బుల్లెట్లు, రెండు పౌడర్లు, ఒక్కో జతకు ఐదు మోతాదులు, మోతాదుకు పది తూటాలు. అదే 300 తూటాలు, 120 డాలర్లు. పైగా నచ్చని బుల్లెట్ల పెట్టెలు, సగం మిగిలిన డబ్బాలు అలమారలో ఉండిపోతాయి. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు నా అలమార తెరిచి, ఏమిట్రా, పచారీ కొట్టు పెట్టావా అంది. అందులో విప్పి వాడని పెట్టెలు ఇప్పటికీ ఆరున్నాయి. లోకంలో అందరూ మెచ్చిన బుల్లెట్ నా రైఫిల్‌కు మాత్రం ఎందుకో నచ్చలేదు.

ఇది రైఫిల్ తప్పు కాదు. .357 మ్యాగ్నం 1935లో రివాల్వర్ కోసం పుట్టిన తూటా. నాలుగంగుళాల తుపాకి గొట్టంలో గంటకొట్టినట్టు పనిచేసేది పద్దెనిమిది అంగుళాల గొట్టంలో వేరే వేగంతో పోతుంది. నిదానంగా మండే పౌడర్లకు పొడవాటి గొట్టం బాగా కలిసొస్తుంది. అందుకే చేత్తో చేసుకున్న తూటాకు ఇందులో లాభం ఉన్న మాట నిజం. కానీ హద్దులూ ఉన్నాయి. తూటాలు రైఫిల్ ట్యూబు మ్యాగజైన్‌లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌ను ఆనుకుంటుంది. అందుకే బుల్లెట్ మొన చదునుగానే ఉండాలి. స్ప్రింగు ఒత్తిడికి, కాల్చినప్పటి కుదుపుకు బుల్లెట్ ఇత్తడి గొట్టంలోకి దిగిపోకుండా దాని గాడిలో ఇత్తడి అంచును గట్టిగా నొక్కాలి. మొత్తం పొడవు 1.590 అంగుళాలు దాటకూడదు. పౌడర్ మోతాదు తయారీదారు పుస్తకంలో ఉన్నదే, అదీ కింది మోతాదు నుంచి మొదలు. నన్ను అడగకండి, స్నేహితుడు చెప్పింది వినకండి.

మూడు తూటాలు ఒకే చోట పడ్డాయని ఎగిరి గంతేయడం మూడు నెలల రాబడి చూసి ఫండు కొన్నట్టే. డబ్బు సలహాలిచ్చేవాణ్ణి కదా, అలా కొన్న క్లయింట్లు వారానికొకరు నాకు ఫోన్ చేస్తారు. ఐదేసి తూటాలు మూడు విడతలు కాల్చండి, మధ్యలో రైఫిల్ గొట్టం చల్లారనివ్వండి. మూడూ 50 గజాల్లో రెండంగుళాల లోపు ఉంటే వెతుకులాట అక్కడితో ఆపేయండి. ఒక బుల్లెట్, ఒక పౌడర్‌తో మొదలుపెట్టండి, 158 గ్రెయిన్ల చదును మొన బుల్లెట్ అయితే మంచిది. వెతుకులాటకు 150 డాలర్ల కంటే పెట్టకండి.

అయినా రెండంగుళాల తూటా మీకు దొరికే ఉంది కదా! ఆ కంపెనీదే, పెట్టె మీద ఒకే లాట్ నంబరు ఉన్నవి నాలుగైదు పెట్టెలు కొనిపెట్టుకోండి. రైఫిల్‌కు ఫ్యాక్టరీ ఓపెన్ సైట్లే ఉంటే, రంధ్రంలోంచి గురిపెట్టే పీప్ సైట్ ఒకటి పెట్టించి చూడండి. 43 ఏళ్ల కంటికి దానివల్ల వచ్చే తేడా పౌడర్ మార్చినా రాకపోవచ్చు. ఉత్త ప్రాక్టీసుకైతే .38 స్పెషల్ తూటా ఈ రైఫిల్లోనే పడుతుంది, ధరా తక్కువ. అది పొట్టిది కాబట్టి తూటా కూర్చునే చాంబర్‌లో మసి వలయం కడుతుంది, శుభ్రం చేయకపోతే తర్వాత .357 బిగుసుకుంటుంది.

స్నేహితులకు అమ్మే ఆలోచన ఇప్పుడే వదిలేయండి. సొంతానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికి చేస్తే కావాలి. మీ తూటా పేలి ఎవరి చెయ్యయినా పోతే ఇల్లు అమ్మినా చాలదు, ఇంటి ఇన్సూరెన్సు దానికి నిలబడుతుందనుకోవద్దు. ఇంట్లో పౌడర్, ప్రైమర్లు ఉంటాయని మీ ఇన్సూరెన్స్ ఏజెంటుకు ముందే చెప్పి, ఈమెయిల్లో జవాబు తీసుకోండి. పౌడర్ దాని డబ్బాలోనే, ప్రైమర్లు వాటి పెట్టెలోనే, తాళం వేసి, పిల్లలకు అందకుండా.

ఇది చదివే హెచ్‌1బి వాళ్లకు ఒక మాట. మీకు తుపాకి, తూటా దగ్గర పెట్టుకోవడమే మామూలుగా ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, లాయరును అడక్కుండా ముందుకెళ్లొద్దు. ఇండియాలో అయితే లైసెన్సు లేకుండా తూటా తయారీ ఆయుధాల చట్టం కింద నేరం, ఈ వ్యాసం అక్కడ పనికిరాదు.

మీ సామాను జాబితాలో ఒకేసారి అన్ని పనులూ చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్సు, వేగం కొలిచే క్రోనోగ్రాఫు ఉంటే కొట్టేయండి. నెలకు 120 తూటాలకు ఒక్కో పనీ విడిగా చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్సు, గొట్టాన్ని కొలతకు తెచ్చే కార్బైడ్ డైలు, నమ్మకమైన త్రాసు, కాలిపర్, పుస్తకం చాలు. 500 డాలర్లలో సర్దుకోవచ్చు. తూటాకు 50 సెంట్ల చొప్పున వెయ్యి తూటాలకు, అంటే ఎనిమిది తొమ్మిది నెలలకు ఆ డబ్బు తిరిగొస్తుంది. చవకైంది కదా అని నెలకు 250 కాల్చడం మొదలుపెడితే మాత్రం మళ్లీ వంద డాలర్లే ఖర్చవుతుంది. చాలామందికి జరిగేది అదే, నాకూ అదే జరిగింది. కార్డు స్టేట్‌మెంటు సున్నా చూపించాకే ప్రెస్సు ఆర్డరు పెట్టండి.

ఈ రెండు నెలల్లో చేయాల్సింది ఒకటుంది. కాల్చిన గొట్టాలు రేంజిలో వదిలేసి వస్తున్నారేమో, ఇక వదలకండి. కొత్త బ్రాస్ కొంటే తూటాకు 40 సెంట్లన్న లెక్క పూర్తిగా మారిపోతుంది. రేంజి వాళ్లను అడిగి, కుడివైపు నేల మీద పాత దుప్పటి ఒకటి పరిచి కాల్చండి. మార్లిన్ ఖాళీ గొట్టాలను అటే విసురుతుంది.