రింగుల జుట్టు మళ్లీ రావాలంటే

అమ్మలూ,

పాప ఫోటోలు చూశాను. ముందు నుంచి తీసినవాటి కంటే వెనక నుంచి తీసినవే నాకు పనికొచ్చాయి. చెవుల దాకా ఉంగరాలు బాగానే తిరిగి ఉన్నాయి. అక్కడి నుంచి కిందికే జుట్టు సాగిపోయి వేలాడుతోంది, చివర్లు చిట్లి రంగు తగ్గాయి. అంటే నువ్వు టెన్షన్ పడుతున్నంత ఏమీ కాలేదు. కొత్తగా వచ్చే జుట్టు రింగులు తిరిగే వస్తోంది. పాడైంది, పార్లరులో జుట్టు సాగదీయడానికి మందు రాసిన మేర, ఇస్త్రీ పెట్టిన మేర మాత్రమే.

"ఏ నూనె రాయమంటావు పెద్దమ్మా" అని అడిగావు. నూనె సంగతి తర్వాత. ముందు ఏమేం మానేయాలో చెబుతాను, సగానికి పైగా పని అక్కడే ఉంది.

పాడైన వెంట్రుక మళ్లీ బాగుపడదు. మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు కాబట్టి గాయం మానినట్టు అది మానదు. సీసాల మీద 'రిపేర్' అని రాసి అమ్మేవి చాలావరకు చిట్లిన చోట పూతలా పట్టుకుని, కొన్నాళ్లు నున్నగా కనిపించేలా చేస్తాయి. ఆ పూత వల్ల చిక్కులు తగ్గుతాయి, చిక్కులు తగ్గితే విరగడం తగ్గుతుంది. అందుకని వాటిని వద్దనను, కానీ అవి జుట్టును వెనక్కి తెస్తాయని డబ్బు పోయకు. ఉన్నది ఇంకా విరగకుండా కాపాడుకుంటూ కొత్తది పెరిగేదాకా ఆగాలి, అంతే. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. రింగుల జుట్టు ముడుచుకుని ఉంటుంది కాబట్టి నీకు ఆ పెరుగుదల కంటికి ఆనదు. అప్పుడప్పుడూ ఒక తడి రింగును మెల్లగా లాగి చూసుకో, ధైర్యం వస్తుంది.

ఇక మానాల్సినవి. స్ట్రెయిట్‌నింగ్ అన్న మాట ఇంట్లో మళ్లీ వినపడకూడదు. వెంట్రుక ఆకారాన్ని నిలబెట్టే బంధాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకం నీళ్లు తగిలితే విడిపోయి ఆరగానే మళ్లీ కలుస్తాయి. ఇస్త్రీ వేడి మామూలుగా వీటినే కదిలిస్తుంది, అందుకే తలస్నానం చేస్తే రింగులు తిరిగొస్తాయి. రెండో రకం గంధకంతో కట్టిన గట్టి బంధాలు. మందులు తెంచేది వీటిని. అలా తెగిన మేర జుట్టు పాత ఉంగరానికి తిరిగి రాదు. ఏది ఎంత పాడైందో తెలుసుకోవాలంటే తల బాగా తడిపి చూడు. తడిలో కూడా తీగలా సాగి ఉన్న భాగం పోయినట్టే, చుట్టుకునే భాగం మనది.

"పిల్లలకు కూడా పరవాలేదు" అని ఆ పార్లరులో అన్నారని రాశావు. నాకు ఒళ్లు మండింది. జుట్టును సాగదీసే క్రీముల్లో కొన్ని మాడును కాల్చేంత ఘాటైన క్షారాలు. కెరాటిన్ పేరుతో చేసే ట్రీట్‌మెంట్లలో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతాయి. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. ఆ రోజు పాపకు కళ్లు మండాయన్నావే, దాన్ని తేలిగ్గా తీసేయకు. ఇస్త్రీ పెడుతుంటే చుయ్‌మని చప్పుడొచ్చిందని కూడా రాశావు. తడి ఆరని జుట్టు మీద వేడి ఇనుము పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది, ఆ బుడగ దగ్గరే అది తర్వాత పుటుక్కున తెగుతుంది.

బిగించి కట్టడం కూడా మానాలి. కణతల దగ్గర జుట్టు పల్చబడినట్టు ఒక ఫోటోలో కనిపించింది. రోజూ ఒకే చోట లాగి జడ వేస్తే కుదురు అలిసిపోతుంది. ముందు చిన్న చిన్న పొక్కులు వస్తాయి, తర్వాత జుట్టు పల్చబడుతుంది. ఈ దశలో వదులు చేస్తే మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే లాగితే అక్కడ ఇక మొలవదు. జడ వేశాక పాప కనుబొమలు పైకి లేపలేకపోతే, నొప్పి అంటే, అప్పటికప్పుడు విప్పెయ్. రబ్బరు బ్యాండ్లు పారేసి గుడ్డ చుట్టిన బ్యాండ్లు వాడు, పాపిట వారానికోసారి పక్కకు జరుపు.

పొడి జుట్టు మీద దువ్వెన అసలు పెట్టొద్దు. పొద్దున్నే బడికి టైమవుతోందని నువ్వు దువ్వే దువ్వుడే, మందు తర్వాత, ఎక్కువ చెరుపు చేస్తోంది. వెంట్రుక పైన చేప పొలుసుల్లా సన్నటి పొరలుంటాయి. రింగు తిరిగిన ప్రతి మలుపులో అవి కాస్త లేచి ఉంటాయి, ఒకదానికొకటి తగులుకుంటాయి. పైగా మాడు నుంచి వచ్చే జిడ్డు తిన్నటి జుట్టులో జారినంత సులువుగా మలుపుల్లో కిందికి దిగదు. అందుకే పాప తల పైన జిడ్డుగా, చివర్లు పొడిగా ఉంటాయి. అది నీ నిర్లక్ష్యం కాదు, ఆ జుట్టు తీరే అంత.

చిక్కు ఎలా తీయాలో కాస్త వివరంగా రాస్తాను, నీ అవస్థంతా అక్కడే ఉంది కాబట్టి. పాప కడుపు నిండి, నిద్ర రాని సమయం చూసుకో. జుట్టును నాలుగు పాయలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టెయ్. చేతిలో ఉన్న పాయను నీళ్ల స్ప్రేతో తడిపి, వేళ్లు జారేంత కండిషనర్ పట్టించు. ఇక్కడ పొదుపు పనికిరాదు. ఎడమ చేత్తో పాయను చిక్కుకు కాస్త పైన పట్టుకో. లాగుడంతా నీ పిడికిట్లోనే ఆగిపోవాలి, మాడుకు తెలియకూడదు. కుడి చేతి వేళ్లతో చివరి రెండు అంగుళాలు విడదీయి. అది సాఫీ అయ్యాక ఇంకో రెండు అంగుళాలు పైకి వెళ్లు. ఎప్పుడూ చివర నుంచి పైకే. పై నుంచి మొదలుపెడితే చిక్కులన్నీ కిందికి చేరి ఒకే ముద్దవుతాయి.

ఉండ కట్టిన చోట కిందికి లాగకు, రెండు చేతుల వేళ్లతో పక్కలకు విప్పు. ఆ ఉండలో చాలామటుకు ఎప్పుడో రాలి బయటపడే దారి లేక ఇరుక్కున్న వెంట్రుకలే ఉంటాయి. నాలుగు బయటికొస్తే మిగతావి వాటంతటవే వదులవుతాయి. టక్‌మని సన్నటి చప్పుడు వినిపించిందంటే వెంట్రుక తెగిందని అర్థం. అక్కడ ఆగి ఇంకాస్త కండిషనర్ వేసుకో. వేళ్లు అడ్డం లేకుండా దిగాకే పెద్ద పళ్ల దువ్వెన తీయి. మొదట్లో గంట పట్టినా పట్టొచ్చు, మధ్యలో పాపను లేచి తిరగనివ్వు. స్ప్రే సీసా తన చేతికే ఇవ్వు, బొమ్మ తల కూడా తడుపుతుంది, తడపనీ.

దువ్వెనలో వచ్చిన జుట్టు చూసి హడలిపోవద్దు. ఒక వెంట్రుక తీసి వెలుతురుకు పెట్టి చూడు. ఒక కొసన తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది వయసు తీరి కుదురు నుంచి రాలిందే. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే విరిగింది. వారం వారం ఈ విరిగినవి తగ్గుతున్నాయా అన్నదే చూసుకోవాలి. మనకు అంతకు మించిన కొలత అక్కర్లేదు.

చిక్కు తీసేటప్పుడు నీ నోటి నుంచి 'చింపిరి జుట్టు', 'ఏం పీడో ఇది' లాంటి మాటలు రాకుండా చూసుకో. నీ చెల్లెలు ఫోన్‌లో అంటుంటే విన్నాను, అందుకే రాస్తున్నాను. నిన్న బడిలో ఎవరో నవ్వారని సాగదీయమని అడిగిన పిల్ల, రేపు నీ విసుగు చూసి కూడా అదే అడుగుతుంది.

తలస్నానం వారానికి ఒకసారి చాలు, చెమట ఎక్కువ పట్టే రోజుల్లో రెండు. ఘాటు లేని షాంపూ తీసుకుని మాడుకే వేళ్ల మెత్తలతో రుద్దు. కడిగేటప్పుడు జారే నురగ పొడవుకు సరిపోతుంది, జుట్టంతా నెత్తి మీద పోగేసి రుద్దితే చిక్కే. కండిషనర్ మాత్రం చెవుల కింది నుంచి చివర్ల దాకా. పాడైన వెంట్రుక మీద రుణావేశం (నెగటివ్ చార్జి) ఎక్కువ, కండిషనర్‌లో ఉండేది ధనావేశం (పాజిటివ్ చార్జి), ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అందుకే ఎక్కడ ఎక్కువ పాడైతే అక్కడే ఎక్కువ అంటుకుంటుంది. వారానికోసారి పావుగంట ఉంచి కడిగెయ్. రాత్రంతా ఉంచితే ఒరిగేదేమీ లేదు.

తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో నొక్కి నీళ్లు తీయి. జుట్టు ఇంకా బాగా తడిగా ఉన్నప్పుడే, కడగక్కర్లేని క్రీము కాస్త, దాని మీద వాసన లేని జెల్ కాస్త రాసి, చివర్లను అరచేతిలో పట్టి పైకి నొక్కి వదిలెయ్. ఆరేదాకా ముట్టుకోవద్దు. ఆరాక గట్టిగా అనిపిస్తే చేతులతో మెల్లగా నలిపితే మెత్తబడుతుంది. మర్నాడు మళ్లీ దువ్వక్కర్లేదు, చేయి తడి చేసుకుని సర్దితే చాలు. రాత్రి శాటిన్ గలీబు మీద, వదులు జడతో పడుకోబెట్టు. పాపకు ఏడేళ్లు కాబట్టి శాటిన్ టోపీ అయినా పరవాలేదు. చంటివాడికి మాత్రం నిద్రలో తలకు ఏదీ కట్టకు.

ఈతకు తీసుకెళ్తే కొలనులో దిగే ముందే తల మంచినీళ్లతో తడిపి కండిషనర్ రాయి. తడిసిన జుట్టు క్లోరిన్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే కడిగెయ్.

ఇప్పుడు నూనె. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి వెళ్తుంది, కడిగేటప్పుడు ప్రోటీను పోవడాన్ని తగ్గిస్తుంది. మిగతా నూనెలు చాలావరకు పైనే ఉండి మెరుపునిస్తాయి. తలస్నానానికి గంట ముందు పొడవుకు, చివర్లకు కొన్ని చుక్కలు చాలు. చుండ్రు ఉంటే మాడుకు పట్టించి వదిలేయకు, చుండ్రుకు కారణమయ్యే ఫంగస్ ఆ కొవ్వు మీదే బతుకుతుంది. ఘాటు వాసన నూనెలు పిల్లల తలకు వద్దు. బేకింగ్ సోడా క్షారం, పొలుసులను ఇంకా లేపుతుంది. నిమ్మరసం మండుతుంది. గుడ్డులోని ప్రోటీను అణువులు వెంట్రుకలో దూరలేనంత పెద్దవి, మిగిలేది నీచు వాసనే. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న సలహా కూడా నీకు వచ్చే ఉంటుంది. జుట్టు మందం కుదురులో తేలుతుంది, కత్తికి దానితో సంబంధం లేదు.

కొన్నింటికి ఇంటి వైద్యం చేయకు. గుండ్రటి మచ్చలా జుట్టు పోయి, అక్కడ పొట్టు రాలుతూ, విరిగిన వెంట్రుకల మొదళ్లు నల్లటి చుక్కల్లా కనిపిస్తే అది తామర కావచ్చు. దానికి పైపూతలు చాలవు, నోటితో వేసుకునే మందు కావాలి. అది అంటుకుంటుంది కూడా, దువ్వెనలు వేరు చెయ్. పొట్టు లేకుండా నున్నగా గుండ్రంగా ఊడినా, చీము పొక్కులు వచ్చినా, పాప తనే జుట్టు పీక్కుంటోందని అనుమానం వచ్చినా చర్మ వైద్యుడికి చూపించు. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లతో ఊడితే మాత్రం సాధారణంగా అదే సర్దుకుంటుంది.

ఇక కత్తిరింపు. సాగిపోయిన మేరంతా ఒకేసారి తీసేస్తే పని సులువే, కానీ పాప పొడవు జుట్టు మీద ప్రాణం పెట్టుకుందన్నావు. అయితే ఇప్పుడు చిట్లిన చివర్లు తీయించి, ఆపైన రెండు మూడు నెలలకోసారి కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. చిట్లిన కొసను వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. కత్తిరించే ఆవిడకు రింగుల జుట్టు అలవాటుందో లేదో ముందే అడుగు. తడిపి, లాగి పట్టి కత్తిరిస్తే ఆరాక రెండు మూడు అంగుళాలు పైకి ఎగిరి కూర్చుంటుంది, పిల్ల ఏడుస్తుంది. పొడి జుట్టు మీద, రింగు చూసుకుంటూ కత్తిరించమను.

ఈ వారం తలస్నానం అయ్యాక ఏమీ రాయకముందే తడి జుట్టు ఫోటో ఒకటి వెనక నుంచి, కణతల దగ్గరవి రెండు పక్కల నుంచి తీసి పంపు. ఎక్కడి దాకా తీయించాలో గీత గీసి పంపిస్తాను, అది వచ్చేదాకా ఎవరినీ కత్తెర పట్టనీయకు.

నీ పెద్దమ్మ