నేనొచ్చేదాకా గేరు వేయకు కొడుకా

కొడుకా,

సోమశిలలో పాత లాంచీ కొన్నావట, దాని పంకాను తిప్పే షాఫ్టు కడ్డీకి తొడిగే రబ్బరు బుష్ నువ్వే మారుస్తావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఇంకొకడు నీళ్ల మీద బతుకుతాడని సంతోషం, కానీ రాత్రంతా నిద్ర లేదు.

పాత బుష్‌ను సుత్తితో బాదకు, హాక్సా బ్లేడుతో పొడుగునా కోసి లాగు. దాన్ని పట్టుకునే బ్రాకెట్‌కు కోత పడొద్దు. షాఫ్టు ఎక్కించేటప్పుడు రబ్బరుకు సబ్బునీళ్లు చాలు.

అసలు సంగతి విను. నేను సాగర్‌లో లాంచీ నడిపే రోజుల్లో, ఎండాకాలం లాంచీని ఒడ్డుమీద దుంగలకెక్కించి కొత్త బుష్ వేశాను. ఒకసారి తిరుగుతదా చూద్దామని ఇంజను స్టార్ట్ చేసి గేరు వేశాను. రెండు నిమిషాలు కాలేదు, టైరు కాలిన వాసన. ఆ బుష్‌కు నీళ్లే నూనె కొడుకా. ఇత్తడి గొట్టం లోపలి రబ్బరులో పొడుగునా కాలువలుంటాయి చూడు, వాటిలో పారే నీళ్లే పల్చటి పొరలా షాఫ్టును మోస్తాయి, వేడిని తీసుకుపోతాయి, ఇసుక రేణువు వస్తే రబ్బరు లొంగి దాన్ని కాలువలోకి దొర్లనిస్తుంది. నేను ఎండబెట్టి తిప్పాను. ఓనరుకు చెప్పడానికి భయపడి గ్రీజు కూరాను, అది ఉన్న కాలువల్ని కూడా పూడ్చేసింది.

వారానికి, నాగార్జునకొండకు పోతుంటే నడినీళ్లలో షాఫ్టు దడదడలాడింది, షాఫ్టు బాడీలోంచి బయటికి పోయే చోట, గ్లాండు దగ్గర నీళ్లు చిమ్మినయి. ముప్పై మంది జనం. ఇంకో లాంచీ వచ్చి తాడు కట్టి లాగేదాకా గుడ్డలు కుక్కుతూ కూర్చున్నాను. ఆ ముప్పై మందిలో నువ్వున్నావు, నాలుగేండ్లోడివి, నా అంగీ పట్టుకొని నిద్రపోయావు. నీకు గుర్తుండదు. ఇంతవరకు మీ నాయనకు కూడా చెప్పలేదు.

అందుకే తొందరపడకు. ఇంజనూ షాఫ్టూ ఒకే గీతలో ఉన్నాయా అనే అలైన్‌మెంట్ ఒడ్డుమీద చూస్తే లాభం లేదు, నీళ్లలో దించితే బాడీ కొంచెం మారుతుంది. రెండు రోజులు తేలనిచ్చి, ఇంజనునూ షాఫ్టునూ కలిపే కప్లింగు ముఖాల మధ్య, సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్ పెట్టు, నాలుగు వైపులా తేడా 0.1 మిల్లీమీటరు దాటొద్దు. సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో నీళ్లు తగ్గి బురద లేస్తుంది, అప్పుడు షాఫ్టును చేత్తో ఊపి చూస్తుండు, వదులైతే బుష్ మార్చెయ్, పైసలు నేనిస్తా.

వేళకు తింటున్నావా? ఆదివారం పొద్దున బస్సుకొస్తున్నా, నా ఫీలర్ గేజ్ తెస్తా.

మీ పెద్దనాయన