కౌన్సిల్‌లో అడుగుపెట్టబోతున్న అమ్మాయికి

చి.సౌ. అమ్మాయికి,

మీ బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు మీ విలేజ్ కౌన్సిల్‌కి గెలిచావని ఫోన్‌లో చెబుతుంటే మీ అమ్మ గొంతు వణికింది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రే నీ మెసేజ్ వచ్చింది: “జనవరిలో ప్రమాణం బాబాయ్, జోనింగ్ అంటే ఏంటో కూడా సరిగ్గా తెలీదు, టెన్షన్‌గా ఉంది” అని. జోనింగ్ అంటే ఊళ్ళో ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎలా కట్టొచ్చో చెప్పే రూల్సమ్మా. ఇవి ఫోన్‌లో చెప్పుకునే సంగతులు కావు. నిదానంగా చదువుకోవాలి, అవసరమైనప్పుడు మళ్ళీ తీసి చూసుకోవాలి. అందుకే రాస్తున్నాను.

మా ఊళ్ళో నేను ప్లానింగ్ కమిషన్‌లో, అంటే జోనింగ్ సంగతులు చూసి కౌన్సిల్‌కి సలహా ఇచ్చే బోర్డులో, కొన్నేళ్ళు, ఆ తర్వాత కౌన్సిల్‌లో రెండు టర్ములు పనిచేశాను. మీదీ మాదీ ఒహాయో రాష్ట్రమే కాబట్టి చట్టం ఒకటే. మీ ఊరికి సొంత చార్టర్, అంటే ఊరు తనకి తాను రాసుకున్న పాలనా నియమాలు, ఉంటే మాత్రం కొన్ని తేడాలుంటాయి. ఉందో లేదో మొదటి వారంలోనే మీ విలేజ్ లాయర్‌ని అడిగి తెలుసుకో.

మన రాష్ట్రంలో జనాభా 5,000 గానీ అంతకు మించి గానీ ఉంటే సిటీ, అంతకన్నా తక్కువైతే విలేజ్. కౌన్సిల్‌లో సాధారణంగా ఆరుగురు ఉంటారు. ఓట్లు సమానమైతేనే మేయర్ ఓటేస్తారు. అంటే నలుగురు చెయ్యెత్తితే ఒకరి ఇంటి పక్కన ఏం లేవాలో, ఎంత పన్ను కట్టాలో తేలిపోతుంది. ఇంత తక్కువ మంది చేతిలో ఇంత అధికారం పెద్ద నగరాల్లో కూడా ఉండదు.

చిన్న ఊళ్ళో ఏ ఫైలూ ఫైలుగా రాదమ్మా. తెలిసిన మనిషిగా వస్తుంది. పిల్లల్ని బస్ ఎక్కించే చోట కనబడే ఆవిడ, మంచు పడితే నీ డ్రైవ్‌వే కూడా శుభ్రం చేసి వెళ్ళే ఆయన, వీళ్ళే నీ ముందు కాగితం పట్టుకుని నిలబడతారు. నువ్వు ఓటేసేది ఆ మనిషి కష్టం చూసి. ఆ ఓటు నిలిచిపోయేది మాత్రం ఆ స్థలంలో. ఇది నాకు అర్థం కావడానికి ఒక తప్పు చెయ్యాల్సి వచ్చింది.

మా ఊళ్ళో వేరియన్సులు కూడా ప్లానింగ్ కమిషనే చూసేది. వేరియన్స్ అంటే, రూలు ఉన్నా ఈ ఒక్క స్థలానికి సడలించమని అడగడం. ఒక పెద్దాయన వచ్చాడు. ఇంటి పక్కన గ్యారేజ్ కట్టుకుంటానన్నాడు. సరిహద్దుకి పది అడుగులు వదలాలని రూలు. ఆయన మూడు అడుగులే వదులుతానన్నాడు. భార్యకి మోకాళ్ళు పనిచెయ్యవు, మంచులో జారిపడితే లేవలేదు, గ్యారేజ్ నుంచి నేరుగా వంటింట్లోకి తలుపు పెడితే ఆవిడకి బాధ తప్పుతుంది. ఐదుగురం ఉన్నాం. ఐదుగురికీ జాలేసింది. పది నిమిషాల్లో సరే అన్నాం. పక్కింటావిడ ఏదో చెప్పబోతే, ఇరుగుపొరుగు సర్దుకుపోవాలమ్మా అన్నాం. ఎందుకు ఒప్పుకున్నామో మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, ఒక్క ముక్క రాయలేదు.

రెండేళ్ళు తిరక్కుండానే ఆ దంపతులు ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. గ్యారేజ్ ఉండిపోయింది. ఒక ఏప్రిల్‌లో పెద్ద వాన పడ్డాక పక్కింటావిడ నాకు ఫోన్ చేసి రమ్మంది. బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది. గ్యారేజ్ చూరు నీళ్ళన్నీ ఆ మూడు అడుగుల సందులో పడి, నేలలో ఇంకి, ఆవిడ గోడ నుంచి లోపలికి వస్తున్నాయి. గోడ మీద జానెడు ఎత్తున గోధుమరంగు గీత. అట్టపెట్టెల అడుగులు నాని ఊడిపోయాయి. పోయిన భర్త ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక ఫోటో విడదీయబోయింది, మొహం ఉన్నచోట రంగు లేచి వచ్చింది.

ఆ సంవత్సరమే ఇంకొకాయన అచ్చం అలాంటిదే అడిగాడు. మేం కాదన్నాం. “ఆయనకి ఇచ్చి నాకెందుకు ఇవ్వరు?” అని అడిగితే ఐదుగురిలో ఒక్కరమూ జవాబు చెప్పలేకపోయాం. మినిట్స్ తీసి చూస్తే అందులో ఏమీ లేదు.

పది అడుగులు అని ఎవరో పనిలేక రాయలేదమ్మా. నీళ్ళకి దారి కావాలి, నిప్పు అంటుకుంటే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకూడదు, ఫైర్ సిబ్బంది సందులోంచి వెళ్ళగలగాలి. రూలు సడలించే ముందు ఆ రూలు ఏ పని చేస్తోందో కనుక్కో. ఆ పని ఇంకో రకంగా జరుగుతుందా అని అడుగు. మేం ఆ రోజు, గట్టర్ పెట్టి నీళ్ళు వీధివైపు మళ్ళిస్తేనే ఒప్పుకుంటాం అని షరతు పెట్టి ఉంటే ఆ ఫోటోలు మిగిలేవి.

నీకు ఇందులో మంచి ఆధారం ఉంది. మన రాష్ట్రంలోనే మిడిల్‌ఫీల్డ్ అనే విలేజ్ మీద వచ్చిన కేసులో 1986లో ఒహాయో సుప్రీం కోర్టు ఏమేం చూడాలో వరసగా చెప్పింది. అడిగే సడలింపు చిన్నదా పెద్దదా, చుట్టుపక్కల స్వరూపం మారిపోతుందా, పొరుగువాళ్ళకి నష్టమా, నీళ్ళు మురుగు లాంటి సేవలకి అడ్డమా, స్థలం కొనేటప్పుడే రూలు తెలుసా, ఇంకో మార్గం ఉందా. ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని హియరింగ్‌లో ముందు పెట్టుకో. ప్రతిదానికీ జవాబు పైకి చదివి మినిట్స్‌లో ఎక్కించు. ఆ తర్వాత ఓటు ఎటు వేసినా నువ్వు జవాబు చెప్పుకోగలవు.

వేరియన్స్ వినే బోర్డులో ఉన్నవాళ్ళు జడ్జి స్థానంలో ఉంటారు. ఆ బోర్డులో నువ్వుంటే హియరింగ్‌కి ముందు ఎవరింటికీ కాఫీకి వెళ్ళి ఆ సంగతి మాట్లాడకు. జోనింగ్ మ్యాప్ మార్చడం వేరు. అది చట్టం చెయ్యడం. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. ప్లానింగ్ కమిషన్ చెప్పినదానికి భిన్నంగా వెళ్ళాలంటే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల మంది కావాలి, అంటే ఆరుగురిలో ఐదుగురు. ఇది కౌన్సిల్ చేతుల్లో ఉన్న అన్నిటికన్నా బరువైన అధికారం అని నా నమ్మకం. అసలు అమెరికాలో జోనింగ్ చెల్లుతుందని తేలింది కూడా మన దగ్గరి ఒక విలేజ్ కేసులోనే. క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే ఊరి కౌన్సిల్ 1922లో జోనింగ్ చేస్తే, 68 ఎకరాలున్న ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ కోర్టుకెక్కింది. 1926లో అమెరికా సుప్రీం కోర్టు ఊరి పక్షాన నిలబడింది. నీలాంటి కౌన్సిల్ మెంబర్లు చెయ్యెత్తి చేసిన ఆర్డినెన్సే, అంటే ఊరి చట్టమే, అది.

అదే కోర్టు ఊళ్ళని మందలించిన సందర్భాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి నువ్వు తప్పక తెలుసుకోవాలి. ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో ఒక నాయనమ్మ తన కొడుకుతో, ఇద్దరు మనవళ్ళతో ఉండేది. ఆ పిల్లలిద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఒక పిల్లాడి తల్లి చనిపోతే వాడిని నాయనమ్మ తెచ్చుకుని పెంచుకుంటోంది. ఆ ఊరి ఆర్డినెన్స్‌లో కుటుంబం అంటే ఎవరెవరో రాశారు. ఆ లెక్కలో ఆ రెండో మనవడు కుటుంబం కాదట. పిల్లాడిని పంపించెయ్యమన్నారు. ఆవిడ పంపలేదు. ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. 1977లో సుప్రీం కోర్టు ఆ శిక్ష కొట్టేసింది, అదీ ఐదుగురు అటు, నలుగురు ఇటు. మా నాన్నమ్మ చేతిలో పెరిగినవాడిని నేను. మొదటిసారి ఆ కేసు చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. ఆర్డినెన్స్ రాసినవాళ్ళు దుర్మార్గులు అయ్యుండరు. ఇళ్ళు కిక్కిరిసిపోతాయని, పార్కింగ్ చాలదని భయపడి ఉంటారు. అలాంటప్పుడు కార్ల గురించి రాయాలి, గదుల లెక్క రాయాలి. ఎవరి ఇంట్లో ఎవరు మనవడో రాయకూడదు. నీ ముందుకి ఏ డ్రాఫ్ట్ వచ్చినా, ఇందులో పట్టుబడేది ఎవరు అని ఒక్కొక్కరి ఇల్లూ తలుచుకుని చదువు.

ఇక మనవాళ్ళ సంగతి. నువ్వు గెలిచావని తెలిసిన వారానికే ఫోన్లు మొదలవుతాయి. ఒకరికి పర్మిట్ లేకుండా వేసిన డెక్ ఉంటుంది, ఒకరు ఇంట్లోనే టిఫిన్లు చేసి అమ్ముతుంటారు, ఒకరు బేస్‌మెంట్‌లో డాన్స్ క్లాసులు పెట్టి వీధి నిండా కార్లు నింపుతారు. “మన అమ్మాయే కదా, ఒక మాట చెప్పు” అంటారు. కాదనడం కష్టం, నాకు తెలుసు. విసుక్కోకు. ఏ ఫారం నింపాలో, జోనింగ్ ఇన్‌స్పెక్టర్ ఏ రోజు ఉంటారో, ఏ తేదీలోపు ఇవ్వాలో ఓపిగ్గా చెప్పు. అంతవరకు ఊళ్ళో ఎవరికైనా చేస్తావు కదా. అంతకు మించి ఒక్క అడుగు వెయ్యకు. నీకు డబ్బు సంబంధమో దగ్గరి చుట్టరికమో ఉన్న ఫైలు వస్తే లాయర్ సలహా తీసుకుని, ఓటుకే కాదు చర్చకీ దూరంగా ఉండు. ఇల్లినాయిలో విల్లోబ్రూక్ అనే విలేజ్ ఒక ఇంటికి నీటి కనెక్షన్ ఇవ్వడానికి 33 అడుగుల జాగా అడిగింది. మిగతా వాళ్ళని అడిగింది 15 అడుగులే. 2000లో ఆ కేసులో సుప్రీం కోర్టు, కారణం లేకుండా ఒక్కరిని వేరుగా చూసినా రాజ్యాంగం కింద దావా వెయ్యొచ్చని చెప్పింది. ఒకరికి ఎక్కువ ఇవ్వడమూ ఇంకొకరికి తక్కువ ఇవ్వడమే కదమ్మా.

పన్నుల దగ్గర జనం అరుస్తారు. ముందు లెక్క అరటిపండు ఒలిచినట్టు చెప్పడం నేర్చుకో. మన రాష్ట్రంలో ఇంటి మార్కెట్ విలువలో 35 శాతం మీదే ప్రాపర్టీ ట్యాక్స్ వేస్తారు. ఒక మిల్ అంటే ఆ విలువలో వెయ్యి డాలర్లకి ఒక డాలర్. రెండు లక్షల డాలర్ల ఇల్లయితే పన్ను విలువ 70,000. కొత్తగా 2 మిల్స్ లెవీ, అంటే అదనపు పన్ను, వేస్తే, ఏ రాయితీలూ లేకపోతే, ఏడాదికి 140 డాలర్లు. “రెండు మిల్స్” అంటే ఎవరికీ తలకెక్కదు. “మీ ఇంటికి 140, దానితో ఈ మూడు వీధులు” అంటే వింటారు. జనం ఓటు లేకుండా వేసే ప్రాపర్టీ ట్యాక్స్ మొత్తం 10 మిల్స్ దాటకూడదు, అందులో కౌంటీకీ స్కూలుకీ కూడా వాటా ఉంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ ఒక శాతం దాటాలన్నా జనం ఓటు కావాలి. బిల్లు చూసి నిన్ను తిట్టేవాళ్ళకి అందులో ఎక్కువ భాగం స్కూలు డిస్ట్రిక్ట్‌కి పోతుందని చెప్పు, కానీ అక్కడితో తప్పించుకోకు. నీ వాటా డబ్బు ఎటు పోయిందో కూడా చెప్పు. ఊరి డబ్బు లెక్కలు చూసే ఫిస్కల్ ఆఫీసర్‌తో నెలకోసారి కూర్చుని ఒక్కో ఫండ్ చూడు. డబ్బు ఉందని ఆ ఆఫీసర్ సర్టిఫికెట్ ఇవ్వకుండా కాంట్రాక్ట్ రాసుకుంటే చెల్లదు.

మీటింగుల గురించి ఒక్కటే. వాట్సాప్ గ్రూప్ పెట్టుకోకండి. సభ్యుల్లో మెజారిటీ కలిసి ఊరి పని చర్చిస్తే అది మీటింగే, అది జనం ముందే జరగాలి. ఈమెయిళ్ళలో చర్చించుకున్నా అంతేనని 2016లో ఒహాయో సుప్రీం కోర్టు చెప్పింది. ఆర్డినెన్స్‌ని మూడు వేర్వేరు రోజుల్లో చదవాలి. నాలుగింట మూడొంతుల ఓటుతో ఆ నియమం పక్కన పెట్టొచ్చు కాబట్టి ప్రతిసారీ ఎవరో ఒకరు “టైం వేస్ట్, ఇవాళే కానిద్దాం” అంటారు. నీళ్ళ పైపు పగిలితే సరే అను. గడ్డి ఎత్తు, కంచె, బోర్డుల సైజు లాంటి వాటికి మూడుసార్లూ చదవనివ్వు. రెండో వారానికి గానీ జనానికి సంగతి తెలీదు, మూడో వారానికి గానీ వచ్చి మాట్లాడరు. మా ఊళ్ళో కంచె ఆర్డినెన్స్ మూడోసారి చదివిన రోజు ఒక కుర్రాడు వచ్చి, మలుపులో ఆరడుగుల కంచె ఉంటే సైకిల్ మీద వచ్చే పిల్లలు కారు నడిపేవాళ్ళకి కనబడరని చెప్పాడు. మాలో ఎవరికీ తట్టలేదు. మలుపుల దగ్గర మూడడుగులకి తగ్గించాం.

ప్రమాణానికి ముందు ఒక శనివారం నేను వస్తాను. ఆఫీసు నుంచి జోనింగ్ మ్యాప్ కాపీ ఒకటి పెద్ద సైజులో తీయించి ఉంచు. పాత బూట్లు వేసుకో. ఇద్దరం ఊరంతా నడుద్దాం. మ్యాప్ మీద రంగు మారిన ప్రతి గీత దగ్గరా ఆగి, అటు ఏముందో ఇటు ఏముందో చూసి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, కాగితం అంచున రాసుకుందాం. మధ్యాహ్నానికి మీ ఇంటికి చేరతామని మీ ఆయనకి చెప్పు.

ఇట్లు,
మీ బాబాయ్