వోచరు చేతిలో ఉంది, పార్లర్‌లో మాత్రం స్లాట్ లేదు

ప్రశ్న: మాది విజయవాడ. మా చెల్లి పెళ్లికని ఒక యాప్‌లో బ్యూటీ పార్లర్ వోచరు కొన్నాను. ఫేషియల్, హెయిర్ స్పా, పెడిక్యూర్ కలిపి 4,000 రూపాయల ప్యాకేజీ 1,499కే అన్నారు. గడువు మూడు నెలలు. ఎప్పుడు ఫోన్ చేసినా ‘ఈ వారం స్లాట్లు లేవండి’ అనే జవాబే. ఒకరోజు నేరుగా వెళితే, శని, ఆదివారాల్లో వోచరు చెల్లదన్నారు. మామూలు రోజున వచ్చినా నా జుట్టు పొడవు కాబట్టి 600 అదనమట, జీఎస్టీ వేరట. ఈలోగా గడువు దాటింది. యాప్ వాళ్లేమో ‘మేం మధ్యవర్తులం మాత్రమే, రిఫండ్ ఉండదు’ అంటున్నారు. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: వేయొచ్చు. మొత్తం ఎంత చిన్నదైనా ఫరవాలేదు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే వినియోగదారుల కమిషన్‌లో ఫీజే లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు (ఈ మాట నేను చెబితే మా తోటి వకీళ్లు నవ్వుతారు, కానీ నిజం).

మీ కేసులో చట్టం మీ వైపే ఉంది. బలహీనత అంతా ఫోన్లోనే. ‘స్లాట్లు లేవు’ అని వాళ్లు నోటితో అన్నారు, మీరు చెవితో విన్నారు. రేపు కమిషన్ ముందు ‘ఆవిడ మాకు ఫోనే చేయలేదు, గడువు దాటాక వచ్చి గొడవ చేస్తోంది’ అంటే మీ దగ్గర ఏముంది? అందుకే ముందుగా మీ ఫోన్లో పార్లర్ నంబరుకు చేసిన కాల్స్ అన్నీ తేదీలతో కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. పాత కాల్స్ జాబితాలోంచి ఎగిరిపోకముందే, ఈరోజే తీయండి. వోచరు, డబ్బు కట్టిన రసీదు, షరతుల పేజీ, యాప్ వాళ్లతో చేసిన చాట్ కూడా భద్రపరచండి.

తర్వాత పార్లర్‌కు వాట్సాప్‌లో, యాప్ ఫిర్యాదుల అధికారికి ఈ-మెయిల్‌లో ఒకే సందేశం పంపండి. పెద్ద పెద్ద సెక్షన్లు అక్కర్లేదు. ‘నా వోచరు నంబరు ఇది. ఫలానా ఫలానా తేదీల్లో అపాయింట్‌మెంట్ అడిగితే స్లాట్ లేదన్నారు. ఫలానా రోజు వచ్చినప్పుడు అదనంగా 600 అడిగారు. వారంలోగా అదే ధరకు సేవ చేయండి, లేదా 1,499 నా బ్యాంకు ఖాతాకు తిరిగి పంపండి’ అంటే చాలు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. బదులు రాకపోతే ఆ మౌనం కూడా మీకు సాక్ష్యమే.

ఇక వాళ్ల వాదనల సంగతి. ‘రిఫండ్ ఉండదు’ అనే షరతు మీరు మనసు మార్చుకుంటే వర్తిస్తుందేమో గానీ, వాళ్లే సేవ ఇవ్వకపోతే దాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదు. మూడు నెలలూ మిమ్మల్ని తిప్పించుకుని, గడువు దాటిందనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం. ‘మేం మధ్యవర్తులం’ అన్నది కాస్త గట్టి వాదనే, కానీ వోచరు అమ్మి డబ్బు తీసుకున్నది యాపే కదా. అందుకే ఫిర్యాదులో యాప్‌నూ పార్లర్‌నూ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకర్నే చేరిస్తే తప్పు రెండోవారి మీదకు నెట్టేస్తారు.

జుట్టు పొడవుకు 600 విషయంలో మాత్రం తొందరపడకండి. మీరు డబ్బు కట్టేముందు ఆ పేజీలో ‘పొడవు జుట్టుకు అదనం’ అని స్పష్టంగా ఉంటే వాళ్లు అడగొచ్చు. శని, ఆదివారాల షరతుకూ ఇదే కొలత. ముందు చెప్పకుండా కుర్చీలో కూర్చున్నాక చెబితే అది వేరే కథ. ధరను ఇలా విడతలవారీగా బయటపెట్టడాన్ని ‘డ్రిప్ ప్రైసింగ్’ అంటారు. 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవారిని తప్పుదోవ పట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాలు దీన్ని నిషేధించాయి. జీఎస్టీ మాటకొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి పార్లర్ సేవల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వోచరు మీద ‘పన్నులతో కలిపి’ అని ఉంటే విడిగా అడగకూడదు. లేకపోతే జీఎస్టీ నంబరున్న బిల్లు ఇమ్మనండి. ఆ నంబరు లేని పార్లర్‌కు జీఎస్టీ వసూలు చేసే హక్కే లేదు.

గడువు ఇంకా మిగిలి ఉన్న పాఠకులు ఒక పని చేయొచ్చు. మీరు వోచరుతో వాట్సాప్‌లో స్లాట్ అడగండి; వోచరు మాట ఎత్తకుండా మీ స్నేహితురాలితో అదే పార్లర్‌కు, అదే రోజుకు వాట్సాప్‌లో అపాయింట్‌మెంట్ అడిగించండి. పూర్తి ధరకు స్లాట్ దొరికి, వోచరుకు దొరకకపోతే ఆ రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెడితే చాలు.

ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తీర్పు ఇవ్వరు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. ఇలాంటి చిన్న మొత్తాలు కొన్నిసార్లు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే విజయవాడ జిల్లా కమిషన్‌లోనే వేయండి. యాప్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే, మీరు నివసించే చోట వేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ‘ఈ-జాగృతి’లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. ఫిర్యాదును ‘సేవాలోపం, అనుచిత వాణిజ్య విధానం’ అనే రాయండి. ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాశారంటే అది జిల్లా కమిషన్ పరిధి దాటి రాష్ట్ర కమిషన్‌కు పోతుంది.

పరిహారం దగ్గర అత్యాశ వద్దు. 1,499కి 5 లక్షలు అడిగితే అసలు ఫిర్యాదు మీద కూడా నమ్మకం తగ్గుతుంది. అసలు, వడ్డీ, మానసిక వేదనకూ ఖర్చులకూ కొన్ని వేలు అడగండి.

నోటీసు అందాక యాప్ నుంచి ఎవరో ఫోన్ చేసి ‘మేడమ్, మీ వాలెట్‌లో పాయింట్లు వేస్తాం, ఫిర్యాదు క్లోజ్ చేయండి’ అనొచ్చు. పాయింట్లు వద్దు, బ్యాంకులో వేయమనండి. ఖాతాలో డబ్బు కనబడేదాకా ‘సమస్య తీరింది’ అన్న మెసేజ్‌కు ‘ఓకే’ అని కూడా బదులివ్వకండి.