200 యూనిట్లు ఫ్రీ కదా, బెంగళూరులో 150 వాడినా కరెంటు బిల్లు ఎందుకు వస్తోంది?

200 యూనిట్లు అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద మీకు ఉచితంగా వచ్చేది మీ ఇంటి కోటా మేరకే.

ఆ కోటాకు లెక్క 2022-23లో ఆ మీటరు మీద నెలకు సగటున ఎంత వాడారన్నది. దానికి 10 శాతం కలుపుతారు. ఈ షరతు ఎందుకంటే, సున్నా బిల్లు వచ్చే ఇళ్ల తరఫున డబ్బు కట్టేది కర్ణాటక ప్రభుత్వమే. అందరికీ సూటిగా 200 ఇచ్చేస్తే, 80తో సరిపెట్టుకునే ఇల్లు కూడా గీజరు ఆపకుండా 200 దాకా వాడేస్తుంది. ఆ భారం మళ్లీ ఖజానా మీదే పడుతుంది. నా దృష్టిలో ఈ షరతు న్యాయమైనదే. కానీ 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ హామీగా జనం చెవిన పడింది 200 అనే అంకె ఒక్కటే. షరతును కూడా అంత గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మారతహళ్లిలో అద్దెకుంటున్న ఒక తెలుగు కుటుంబం అనుకుందాం. వాళ్ల మీటరు సగటు 100 యూనిట్లు, కాబట్టి కోటా 110. ఈ నెల 150 వాడితే 40 యూనిట్లకు డబ్బు కట్టాలి.

చాలామంది పొరపడేది ఇంకోచోట. 205 వాడితే పైన 5 యూనిట్లకే కడితే చాలనుకుంటారు. కాదు, 200 దాటిన నెలలో మొత్తం 205కీ బిల్లు పడుతుంది. అందుకే ఎండాకాలంలో నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోండి. అద్దెవాళ్లకు ఈ పథకం లేదన్నది కూడా అపోహే, వాళ్లూ అర్హులే.