పర్టినాసిటీ: పట్టుదలా, మొండితనమా?

సందేహం: వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఇంగ్లిషులో చదువుతుంటే ‘పర్టినాసిటీ’ అనే మాట తగిలింది. ఒక నిఘంటువులో ‘పట్టుదల’ అని, మరో దాంట్లో ‘మొండితనం’ అని ఉంది. ఒకటి మెచ్చుకోలు, ఇంకోటి నింద. దేన్ని తీసుకోవాలి? ఎన్ని కష్టాలొచ్చినా వదలకుండా సాగడమనే అర్థంలో ‘దీర్ఘశాంతం’ అనవచ్చా? ‘పట్టుదల’లో ఉన్నది ‘తల’ అనే మాటేనా?

సమాధానం: రెండు నిఘంటువులూ సరిగానే చెప్పాయి. ఆ రెండర్థాలూ ఇంగ్లిషు మాటకు పుట్టుకతో వచ్చినవి. లాటిన్‌లో ‘టెనేరే’ అంటే పట్టుకోవడం. ‘టెనాక్స్’ అంటే పట్టు విడవనివాడు. దాని ముందు ‘పెర్’ చేరితే ‘పెర్టినాక్స్’, అంటే మరీ గట్టిగా పట్టుకున్నవాడు. ఆ ‘మరీ’ దగ్గరే చిక్కంతా వచ్చింది. ప్రతి సద్గుణానికీ పక్కనే ఒక దోషం ఉంటుందని చెబుతూ రోమన్ వక్త సిసిరో, పర్సివరెన్స్‌కు (విడవకుండా కొనసాగడానికి) మూలమైన లాటిన్ మాటను సద్గుణంగానూ, పర్టినాసిటీకి మూలమైన మాటను దాని సరిహద్దులోని దోషంగానూ చూపించాడు. ఆ నీడ ఇంగ్లిషులోనూ కొంత మిగిలింది. అందుకే ఈ మాట ఎవరు ఎవరి గురించి అన్నారో చూడకుండా అర్థం తేల్చకూడదు.

తెలుగులోనూ మూలం పట్టే. పట్టుదల, మొండిపట్టు, మంకుపట్టు, ఉడుంపట్టు అన్నీ ఒక్క ‘పట్టు’ నుంచి వచ్చినవే. మనం మంచిచెడ్డల తేడాను పట్టు ముందు చేర్చే మాటతో చెబుతాం. బొమ్మ కొనేదాకా దుకాణం ముందు నుంచి కదలని పిల్లాడిది మంకుపట్టు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడిది మొండిపట్టు. పట్టుదల అన్నప్పుడు మాత్రం, పట్టుకున్నది పట్టుకోదగినదేనని మాట్లాడేవారు ఒప్పుకుంటున్నట్టు. వేమన ‘పట్టుపట్టరాదు, పట్టి విడువరాదు’ అనడంలో ఈ తూకం అంతా ఉంది. పట్టే ముందు ఆలోచించమంటాడు, పట్టాక వదలొద్దంటాడు.

సంస్కృతంలో దీనికి దగ్గరి మాట ‘ధృతి’. ఇది ‘ధృ’ ధాతువు నుంచి వచ్చింది. ధరించడం, నిలిపి ఉంచడం దాని అర్థం. భర్తృహరి సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి, విఘ్నాలు కొడుతున్నా మొదలుపెట్టిన పనిని వదలని ధీరులను ‘ధృత్యున్నతోత్సాహులై’ అని వర్ణించాడు. మీరు అడిగిన భావానికి ఇంతకన్నా దగ్గరగా వచ్చిన మాట నాకు కనిపించదు. అయితే ధృతికి కూడా రెండో ముఖం ఉంది. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ధృతిని మూడు రకాలు చేసింది. నిద్రను, భయాన్ని, శోకాన్ని, విషాదాన్ని, మదాన్ని విడిచిపెట్టనివ్వనిది తామస ధృతి. దుఃఖాన్ని పట్టుకుని వేలాడడం కూడా ధృతేనని గుర్తించడం చాలా లోతైన పరిశీలన. లాటిన్ మాటలోని దోషార్థానికి ఇది చాలా దగ్గరగా ఉంది.

దీర్ఘశాంతం మాత్రం ఇక్కడ కుదరదు. తెలుగు బైబిల్ చదివేవారికి ఇది బాగా తెలిసిన మాట. గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మ ఫలాల వరుసలో వస్తుంది. దీనికి సరిగ్గా సరిపోయే అరుదైన ఇంగ్లిషు మాట ‘లాంగానిమిటీ’. దీర్ఘమైన మనసు అని దాని కూర్పు. ఎదుటివాడు తప్పు చేస్తున్నా కోపాన్ని ఆపుకుని ఓర్చుకోవడం అందులో ప్రధానం. పని విడవకపోవడానికి, కోపం ఆపుకోవడానికి చాలా దూరం. ‘తితిక్ష’ కూడా అలాంటిదే. చలిని, వేడిని, సుఖదుఃఖాలను సహించడమే దాని అర్థం. సహించేవాడు ముందుకు సాగుతున్నాడో లేదో అది చెప్పదు.

ఇక సుబ్బారావు గారి విషయం. ఆయన మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జబ్బు కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. ఖద్దరు కట్టారన్న కోపంతో వైద్య కళాశాలలో ఆయనకు ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. అమెరికా వెళ్లి, చిన్న ఉద్యోగంతో నెట్టుకొస్తూ హార్వర్డ్‌లో చదివారు. చివరికి లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన బృందం, అదే స్ప్రూ చికిత్సకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. ఇలాంటి మనిషి గురించి రాసినప్పుడు ‘మొండితనం’ అని అనువదిస్తే పొరపాటే. ‘పట్టుదల’ అనండి.

కానీ ఆ ఒక్క మాటతోనే సరిపెట్టవద్దని నా సలహా. పరీక్ష కోసం ఉదయం లేచి చదివేవాడికీ పట్టుదల ఉంటుంది. పట్టుదలలో కష్టం దానంతటదే వినిపించదు. ఇంగ్లిషు నామవాచకంలో ఇరికించినదాన్ని తెలుగు క్రియతో హాయిగా చెబుతుంది. ‘ఆయన కష్టసమయ పట్టుదల ప్రశంసనీయమైనది’ అని రాస్తే ఎవరికీ అందదు. ‘ఎన్ని దెబ్బలు తగిలినా పట్టిన పని విడవలేదు’ అంటే పట్టూ ఉంది, కష్టమూ ఉంది, మనిషీ కనిపిస్తాడు. ‘తట్టుకుని నిలబడ్డాడు’, ‘ఎదురొడ్డి నిలిచాడు’ కూడా వాడుకోవచ్చు. ‘మొండిగా పోరాడాడు’ అని మెచ్చుకోలుగా అనడమూ వాడుకలో ఉంది, తప్పు కాదు. అక్కడ పోరాటమనే క్రియ మొండితనాన్ని మంచివైపు తిప్పుతుంది.

చివరి ప్రశ్నకు జవాబు చిన్నదే. ‘పట్టుదల’లో తల లేదు. పెరుగుదల, తగ్గుదల, విడుదల, ఎదుగుదలల్లో ఉన్న ప్రత్యయమే ఇక్కడా ఉంది. కాబట్టి ‘పట్టుతల’ అని రాయకండి.